సంఘం షాట్: జహీరాబాద్ ప్రాంత మహిళల కెమెరా పరిభాష - వాడుకరి అనుభవ భావనల చరిత్రలో ఒక అధ్యాయం

వ్యాస సంగ్రహం:
ఇంగ్లీషులో 'యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్'గా ప్రసిద్ధమైన వాడుకరి అనుభవ రూపకల్పన రంగంలోని కీలక భావనలు గత అర్ధశతాబ్దంలో ప్రధానంగా అమెరికా, ఐరోపా దేశాల్లో రూపుదిద్దుకున్నాయి. వాటికి తెలుగు పదాలు కల్పించేటప్పుడు ఇంగ్లీషు పదాన్ని ముందుంచుకొని అనువదించడం ఆనవాయితీగా వస్తోంది. జహీరాబాద్ ప్రాంతానికి చెందిన దళిత మహిళా రైతులు 1996 తర్వాత కెమెరాను, రేడియోను చేతిలోకి తీసుకునే క్రమంలో ఇందుకు భిన్నమైన దారిలో పదాలు కల్పించుకున్నారు. ఆ పదాల వెనుక ఉన్న సామాజిక చరిత్రను, ఆ చరిత్ర వాడుకరి అనుభవ భావనలకు చేర్చే అర్థాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వాడుకరి, అనుభవం, వాటం, సంఘం షాట్, సామాజిక రేడియో, పస్తాపూర్, జహీరాబాద్.

1. ప్రవేశిక

జహీరాబాద్ పట్టణ సమీపంలోని పస్తాపూర్‌లో 1996లో కొందరు గ్రామీణ మహిళలకు వీడియో చిత్రీకరణలో శిక్షణ మొదలైంది. వారు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (ఇకపై డి.డి.ఎస్.) మహిళా సంఘాల సభ్యులు. అత్యధికులు దళితులు, కొద్దిపాటి మెట్టభూమి సాగుచేసుకుంటూ కూలికి పోయేవారు, చదువుకునే అవకాశం దక్కనివారు, దక్కినా అంతంతమాత్రంగా దక్కినవారు. పైనుంచి కిందికి వంచి తీసే దృశ్యాన్ని, కిందినుంచి పైకెత్తి తీసే దృశ్యాన్ని, కంటికెదురుగా పట్టి తీసే దృశ్యాన్ని ఏమని పిలవాలన్న ప్రశ్న చిత్రీకరణ నేర్పే ఏ తరగతిలోనైనా తొలిరోజుల్లోనే ఎదురవుతుంది. పాఠ్యగ్రంథాలలో వీటికి హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అనే పేర్లు స్థిరపడి ఉన్నాయి. పస్తాపూర్ మహిళలు వాటిని పక్కనపెట్టి తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది 'పటేల్ షాట్'. కిందినుంచి పైకి చూసేది వెట్టిమనిషి చూపు. ఇంగ్లీషు రచనల్లో అది 'స్లేవ్ షాట్'గా నమోదైంది. కంటికి సమానంగా చూసేది 'సంఘం షాట్'.

ప్రసార మాధ్యమాల అధ్యయనంలో ఈ మూడు పేర్లూ కొంత ప్రసిద్ధమే. అయితే వీటిని ఒక ముచ్చటగా, పల్లె మహిళల చమత్కారానికి ఉదాహరణగా చెప్పి ముందుకు సాగిపోవడం తరచూ కనిపిస్తుంది. ఈ వ్యాసం వాటిని పరిభాషగా పరిగణిస్తుంది. పరికరాన్ని వాడే మనిషి దాని పనితీరుకు పేరు పెట్టినప్పుడు ఆ పేరులో యంత్రం కంటే ఆ మనిషి నిలబడిన చోటు స్పష్టంగా కనిపిస్తుందన్నది ఇక్కడి ప్రతిపాదన. వాడుకరి అనుభవ రంగానికి ఇది పరాయి విషయం కాదు. ఆ రంగం అడిగే మొదటి ప్రశ్నే 'వాడేది ఎవరు, ఎక్కడ నిలబడి వాడుతున్నారు' అన్నది.

2. ప్రాంతం, సంఘాలు

జహీరాబాద్ తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో తాలూకాలోని అధికభాగం మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11 నుంచి ఈ ప్రాంతం సంగారెడ్డి జిల్లాలో ఉంది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ మాటలు ఒకే సంతలో వినిపించే సరిహద్దు నేల ఇది. ఎర్రనేలలు, నల్లరేగళ్ళు పక్కపక్కనే ఉంటాయి. వర్షాధారమైన సాగు, జొన్న, కొర్ర, సామ, సజ్జ, కంది వంటివి ఇక్కడి పాత పంటలు.

1983లో ఏర్పడిన డి.డి.ఎస్. ఈ ప్రాంతంలోని సుమారు 75 గ్రామాల్లో మహిళా సంఘాలతో పనిచేసింది. సంఘాలలోని మహిళల సంఖ్య సుమారు 5,000. సంస్థ స్థాపకులలో ఒకరు, దీర్ఘకాలం సంచాలకులుగా ఉన్న పి.వి.సతీష్ (మరణం: 2023 మార్చి 19) అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాత. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు చేరవేసిన 'సైట్' ప్రయోగంలోనూ ఆయన పాలుపంచుకున్నారు. ఈ వివరం ఇక్కడ అవసరం. 'సైట్'లో కార్యక్రమం నగరంలోని స్టూడియోల్లో తయారై ఆకాశం మీదుగా పల్లెకు దిగేది, పల్లె చూసేది. రెండు దశాబ్దాల తర్వాత పస్తాపూర్‌లో కెమెరా చూసేవారి చేతికే వెళ్ళింది.

సంఘాల మహిళలు కెమెరా పట్టకముందే తమ లోకాన్ని తమ మాటలతో వర్గీకరించుకునే అలవాటు ఉన్నవారన్న సంగతి మరువరాదు. నీటితడులు, ఎరువులు లేకుండా, మంచు తేమతోనే పండే కొన్ని పంటలను వారు 'సత్యం పంటలు' అంటారు. వ్యవసాయశాఖ లెక్కల్లో పంటల విభజన ఋతువును బట్టి, నీటివనరును బట్టి జరుగుతుంది. 'సత్యం పంట' అనే మాటలో ఆ పంట రైతుతో ఎలా నడుచుకుంటుందన్నది కొలమానం. నమ్మినవారిని మోసం చేయనిది సత్యం పంట. విభజనకు ఆధారం పంటకూ మనిషికీ మధ్య నడిచే వ్యవహారమే. కెమెరా షాట్లకు పేర్లు పెట్టినప్పుడు పనిచేసిన బుద్ధి కూడా ఇదేనని ఈ వ్యాసరచయిత అభిప్రాయం.

3. బయట ఈ రంగం పుట్టిన తీరు

'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అనే పదబంధం వ్యాప్తికి మనోవిజ్ఞానశాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ ముఖ్యకారకులు. 1993లో ఆపిల్ సంస్థలో చేరినప్పుడు ఆయన తన హోదాలోనే ఈ మాటను చేర్చుకున్నారు. అప్పటికి చలామణిలో ఉన్న 'ఇంటర్‌ఫేస్', 'యూజబిలిటీ' అనే మాటలు తాను చెప్పదలచినదానికి ఇరుకైనవని ఆయన భావించారు. తలుపులు, కుళాయిలు, పొయ్యి మీటలు మనుషులను ఎందుకు తికమకపెడతాయో వివరించిన ఆయన పుస్తకం అంతకు ఐదేళ్ళ ముందే, 1988లో వెలువడింది. 1998లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 9241 ప్రమాణంలోని 11వ భాగంలో వినియోగ సౌలభ్యాన్ని నిర్వచించింది. దాని సారం ఇది: నిర్దిష్టమైన వాడుకరులు నిర్దిష్టమైన సందర్భంలో తాము తలపెట్టిన పనిని ఎంత ఫలవంతంగా, ఎంత తక్కువ శ్రమతో, ఎంత తృప్తిగా చేయగలిగారన్నదే కొలత.

ఇదే రంగానికి మరొక పాయ ఉంది. అది కంపెనీల నుంచి రాలేదు. కార్మిక సంఘాల నుంచి వచ్చింది. నార్వేలో 1970ల తొలినాళ్ళలో క్రిస్టెన్ నీగార్డ్ అనే గణకశాస్త్రవేత్త ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు. కర్మాగారంలోకి కొత్తగా వచ్చే కంప్యూటర్ వ్యవస్థల మీద కార్మికుల మాట చెల్లుబాటయ్యే మార్గాలను వారు కలిసి వెతికారు. 1981లో మొదలైన 'యుటోపియా' ప్రాజెక్టులో స్కాండినేవియా దేశాల ముద్రణ కార్మికులు తాము వాడబోయే పనిముట్ల రూపకల్పనలో స్వయంగా పాల్గొన్నారు. నేడు భాగస్వామ్య రూపకల్పన అని పిలిచే పద్ధతికి మూలాలు ఇక్కడివే. సంఘం అనే సంస్థారూపం, పనిముట్టు అనే సమస్య ఒకచోట కలిసిన సందర్భంగా దీన్ని గుర్తుంచుకుంటే పస్తాపూర్ అంత ఒంటరి ఉదాహరణగా తోచదు. రెండింటికీ ప్రత్యక్ష సంబంధం ఉన్నదని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు, పోలిక మాత్రమే.

4. మూడు చూపులు

ఇప్పుడు మూడు షాట్ల దగ్గరకు వద్దాం. 'హై యాంగిల్', 'లో యాంగిల్' అనే పేర్లు రేఖాగణితానికి సంబంధించినవి. కెమెరా అక్షం నేలతో చేసే కోణాన్ని అవి తెలుపుతాయి. ఆ కోణం ప్రేక్షకునిలో కలిగించే భావాన్ని పాఠ్యగ్రంథం వేరుగా వివరిస్తుంది: కిందినుంచి తీస్తే చూపబడే మనిషి బలవంతుడుగా కనిపిస్తాడు, పైనుంచి తీస్తే అల్పుడుగా కనిపిస్తాడు. పేరు యంత్రానిది, భావం చూపబడినవానిది. చూస్తున్నది ఎవరన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. కెమెరా వెనుక ఉన్న కన్ను ఎవరిదీ కానిదన్నట్లుగా ఆ పరిభాష నడుస్తుంది.

పస్తాపూర్ పేర్లలో ఈ ఖాళీ నిండింది. పైనుంచి చూస్తే కింద ఉన్న మనిషి చిన్నగా కనిపిస్తాడన్న విషయాన్ని వారు కాదనలేదు. అలా చూసే అలవాటు ఊళ్ళో ఎవరికుందో చెప్పారు. కిందినుంచి చూస్తే ఎదుటివాడు ఎత్తుగా కనిపిస్తాడన్నదాన్నీ ఒప్పుకున్నారు. అలా చూడవలసివచ్చిన మనిషిని పేరుపెట్టి చూపించారు. లారా మల్వీ 1975లో చలనచిత్రంలోని చూపు పురుషుని చూపు అని వాదించినప్పుడు ప్రపంచ విమర్శకు అందిన విషయానికి ఇది దగ్గరగా ఉంది. మల్వీ వాదం తయారైన చిత్రాలను పరిశీలించి చేసిన విమర్శ. ఇక్కడ చిత్రం తీయకముందే, పనిముట్టు పట్టే మెళకువలోనే ఆ ఎరుక భాగమైంది.

'పటేల్' అన్న మాట బరువు తెలియాలంటే దాని చరిత్ర చూడాలి. నిజాం పాలనలో గ్రామాధికారం మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ అనే పారంపర్య పదవుల ద్వారా నడిచేది. శిస్తు వసూలు ఒకరిది, శాంతిభద్రతలు ఇంకొకరిది, లెక్కలు వేరొకరివి. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. పదవి పోయినా మాట పోలేదు; భూమి, కులం, పలుకుబడి ఉన్నవారిని ఊళ్ళో 'పటేలా' అని పిలవడం కొనసాగింది. 1996లో కెమెరా పట్టిన మహిళలు ఆ పదవి ఉన్న ఊళ్ళోనే పెరిగి పెద్దయినవారు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. అంటే ఈ మూడు పేర్లలో మొదటి రెండూ వారి జీవితకాలంలో చట్టరీత్యా రద్దయిన సంబంధాల పేర్లు. చట్టం రద్దు చేసినదాన్ని కెమెరా కోణంలో గుర్తుపట్టారన్నమాట.

మూడవ పేరుకూ చరిత్ర ఉంది. తెలంగాణ పల్లెల్లో 'సంఘం' అన్న మాట 1940లలో ఆంధ్రమహాసభకు ప్రజలు పెట్టుకున్న పేరుగా వ్యాపించింది. సాయుధపోరాట కాలంలో 'సంఘం' అంటే దొర ముందు తల ఎత్తడం. 1980లలో ఏర్పడిన మహిళా సంఘాలు పొదుపు, భూమి, విత్తనాల చుట్టూ అల్లుకున్నవి. వాటి స్వభావం వేరు. అయినా మాటలోని పాత బలం పూర్తిగా ఇంకిపోలేదు. సంఘం సమావేశంలో అందరూ నేలమీద కూర్చుంటారు. ఒకరి కళ్ళు ఇంకొకరి కళ్ళకు ఒకే మట్టంలో ఉంటాయి. 'ఐ లెవెల్' అంటే కంటి మట్టం. ఎవరి కంటి మట్టమో ఆ మాట చెప్పదు. నిలబడిన ఛాయాగ్రాహకుని కంటి మట్టంలో తీస్తే నేలమీద కూర్చున్న మనిషి మీద అది పటేల్ షాటే అవుతుంది. సంఘం షాట్ తీయాలంటే కెమెరా పట్టిన మనిషి కూడా కూర్చోవాలి. సాంకేతికంగా చూసినా ఈ పేరు ఇంగ్లీషు పేరు కంటే కచ్చితమైనదని ఒప్పుకోక తప్పదు.

వాడుకరి అనుభవ పరిభాషలో 'మెంటల్ మోడల్' అనే భావన ఉంది; దాన్ని మనోనమూనా అనవచ్చు. కెన్నెత్ క్రెయిక్ 1943లో ప్రతిపాదించిన ఆలోచన దీనికి మూలం. మనిషి బయటి ప్రపంచానికి ఒక చిన్న నమూనాను మనసులో నిలుపుకొని దాని ఆధారంగా జరగబోయేదాన్ని ఊహిస్తాడు. కొత్త యంత్రం ఎదురైనప్పుడు పాత అనుభవంలోంచి ఒక నమూనా తెచ్చి దానికి తొడుగుతాడు. కంప్యూటర్ తెరమీద 'డెస్క్‌టాప్', 'ఫోల్డర్', 'చెత్తబుట్ట' కనిపించడానికి కారణం అదే. అది ఆఫీసులో బల్ల ముందు కూర్చున్నవారి మనోనమూనా. పస్తాపూర్ మహిళల దగ్గర ఉన్నది ఊరి నమూనా. అరుగు మీద ఎవరు, అరుగు కింద ఎవరు, చాప మీద పక్కపక్కన ఎవరు అన్నది వారి శరీరాలకు చిన్ననాటి నుంచి తెలిసిన జ్యామితి. కెమెరా కోణాలను వారు సులువుగా పట్టుకోగలగడానికి అది తోడ్పడిందని భావించవచ్చు.

అలన్ కూపర్ 1990ల చివర్లో ప్రచారంలోకి తెచ్చిన 'పర్సోనా' పద్ధతిని ఇక్కడ పోల్చి చూడవచ్చు. రూపకర్తల గదిలో వాడుకరి ఉండడు కాబట్టి అతనికి ఒక పేరు, వయసు, వృత్తి కల్పించి, ఆ కల్పిత వ్యక్తిని ఎదుట ఉంచుకొని నిర్ణయాలు తీసుకోవడం ఆ పద్ధతి. 'పటేల్ షాట్' దీనికి తిరగబడిన రూపం. వాడుకరులు గదిలోనే ఉన్నారు. యంత్రం ప్రతి కోణంలోనూ ఎవరిని తమమీదికి తెస్తుందో వారు గుర్తుపట్టి పేరు పెట్టారు.

ఈ పరిభాషకు పరిమితి లేదనడం సరికాదు. బుట్టలో పోసిన కొర్రవిత్తనాలను చూపించాలంటే పైనుంచి చూడక తప్పదు. పాత పంటల గురించి తీసే చిత్రంలో అలాంటి దృశ్యం ఉండి తీరుతుంది. అప్పుడు కూడా అది 'పటేల్ షాట్' అనే పిలుపించుకుంటుంది. విత్తనాల ముందు పటేలెవరూ లేకపోయినా. పేరు ఒకసారి పరిభాషగా స్థిరపడిన తర్వాత దానిలోని కోపం కొంత చల్లారి, పనికి వచ్చే గుర్తుగా మిగలడం సహజం. పరిభాషలన్నింటిలోనూ జరిగేదే ఇది.

2001లో ఈ మహిళలు సామాజిక మాధ్యమ ట్రస్టుగా ఏర్పడ్డారు. 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చిన తర్వాత వారు వరంగల్ జిల్లా పత్తిరైతుల దగ్గరకు వెళ్ళి పంట సాగుతున్న కాలమంతా చిత్రీకరించారు. 2003లో వచ్చిన ఆ చిత్రం పలు విదేశీ భాషల్లోకి కూడా వెళ్ళింది. ఒక వస్తువును కొన్నవారి దగ్గరకు మళ్ళీమళ్ళీ వెళ్ళి అది వారి చేతుల్లో ఎలా ప్రవర్తించిందో నమోదు చేయడం వాడుకరి పరిశోధనలో గౌరవనీయమైన పద్ధతి. ఇక్కడ వస్తువు విత్తనం, వాడుకరి రైతు, పరిశోధకురాలు కూడా రైతే.

5. వాటం

రంగంలోని పదాల్లో తెలుగువారిని బాగా ఇబ్బందిపెట్టేది 'అఫర్డెన్స్'. జేమ్స్ గిబ్సన్ తన 1979 నాటి గ్రంథంలో దీన్ని విస్తరించి చెప్పారు. పరిసరం ఒక ప్రాణికి ఏ పని చేయడానికి వీలు కల్పిస్తుందో అది అఫర్డెన్స్. మోకాలి ఎత్తు రాయి పెద్దమనిషికి కూర్చోవడానికి వీలిస్తుంది, పసిబిడ్డకు ఇవ్వదు. గుణం రాతిలోనూ లేదు, మనిషిలోనూ లేదు. రెంటి మధ్య ఉంది. నార్మన్ 1988లో ఈ మాటను వస్తురూపకల్పనలోకి తెచ్చారు. తర్వాత దాన్ని రూపకర్తలు ఇష్టం వచ్చినట్లు వాడుతున్నారని విసుగుపడి, 1999లో వివరణ రాశారు. వీలు ఉండటం వేరు, ఆ వీలు ఉన్నట్లు కంటికి కనిపించడం వేరు అని తేల్చారు.

దీనికి 'సాధ్యత', 'ఉపయోగశక్తి' వంటి సంస్కృతసమాలు కల్పించవచ్చు. అవి గుణాన్ని వస్తువులోనే పెడతాయి. తెలుగులో ఇప్పటికే 'వాటం' అనే మాట ఉంది. 'ఈ కొడవలి నా చేతికి వాటంగా ఉంది' అంటాం. అదే కొడవలి పక్కవారి చేతికి వాటంగా ఉండకపోవచ్చు. 'ఎడమచేతి వాటం' అన్నప్పుడు మాట మనిషి వైపుకు మొగ్గుతుంది, 'వాటమైన పిడి' అన్నప్పుడు వస్తువు వైపుకు మొగ్గుతుంది. గిబ్సన్ చెప్పదలచిన ఇరువైపుల సంబంధం ఈ చిన్నమాటలో సహజంగా ఇమిడి ఉంది. గంభీరంగా లేదన్న కారణంతో దీన్ని పరిభాషలోకి రానివ్వకపోవడం మనకే నష్టం.

1990ల నాటి వీడియో కెమెరాను ఈ దృష్టితో చూడండి. బొటనవేలికి అందే ఎర్రబొత్తం, వేళ్ళకింద ముందుకూ వెనక్కూ ఒదిగే మీట. మీట చివర్లలో ఇంగ్లీషు అక్షరాలు 'టి', 'డబ్ల్యు'. అక్షరాలు వచ్చినవారికి కూడా ఆ రెండక్షరాలు ఎవరో చెప్పేదాకా ఏమీ చెప్పవు (ఈ వ్యాసరచయితకు చెప్పలేదు). ఒకవైపు నొక్కితే దృశ్యం దగ్గరకు వస్తుంది, రెండోవైపు నొక్కితే దూరం జరుగుతుంది. ఈ సంగతి వేలికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అక్షరం సూచిక మాత్రమే, మీట ఒదుగు వాటం. చదువురానివారికి యంత్రం కష్టమని మనం అనుకునేటప్పుడు తరచూ సూచికనూ వాటాన్నీ కలిపేసి మాట్లాడుతుంటాం. గొర్రు పట్టి, జడ్డిగంలో విత్తనం జారవిడిచే వేగాన్ని ఎద్దుల నడకతో సరిపోల్చగల చేతికి మీట ఒదుగు పెద్ద చిక్కు కాదు. అక్షరాల మీద ఆధారపడిన రూపకల్పనే ఆమెను 'చేతకానిది'గా నిలబెడుతుంది. నేడు బ్యాంకు అనువర్తనాలు, రేషన్ యంత్రాలు, ప్రభుత్వ సేవల తెరలు పల్లెల్లోకి వచ్చిన వేళ ఈ భేదం కేవలం పుస్తకచర్చగా మిగలదు.

6. అనుభవం, అనుభవదారు

'ఎక్స్‌పీరియన్స్'కు 'అనుభవం' అన్నది అందరూ ఒప్పుకున్న అనువాదం. అయితే తెలంగాణ గ్రామీణునికి ఈ మాట ఇంకొకచోట కూడా తారసపడుతుంది. పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన 'అనుభవదారు' కాలమ్ ఉండేది. పట్టా ఎవరి పేరున ఉన్నా భూమిని నిజంగా దున్నుకుంటూ స్వాధీనంలో ఉంచుకున్న మనిషి అనుభవదారు. 2017-18 నాటి భూరికార్డుల ప్రక్షాళన తర్వాత వచ్చిన కొత్త పాసుపుస్తకాల్లో ఆ కాలమ్ లేకపోవడం ఎంత వివాదానికి దారితీసిందో పాఠకులకు తెలుసు. అంటే తెలుగులో 'అనుభవం' మనసులో కలిగే భావన ఒక్కటే కాదు. హక్కుకు ముందు నడిచే స్వాధీనం కూడా.

సంఘం రేడియో చరిత్ర ఈ రెండో అర్థంలో చదవదగినది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 1998లో యునెస్కో సహాయంతో ఝరాసంగం మండలంలోని మాచునూర్‌లో రేడియో కేంద్రం సిద్ధమైంది. ప్రసారానికి అనుమతి లేదు. 2000 జూలైలో పస్తాపూర్‌లో ముగిసిన సదస్సు సామాజిక రేడియోకు అనుమతి ఇవ్వాలని కోరుతూ ప్రకటన చేసింది. 2002 డిసెంబరు విధానం విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తెరిచింది. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు అవకాశం దక్కింది. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. మధ్యలో గడిచిన పదేళ్ళూ కేంద్రం ఖాళీగా లేదు. కార్యక్రమాలు టేపుల మీద నమోదై, సంఘం సమావేశాల్లో వినిపించబడ్డాయి. పట్టా లేని అనుభవం అంటే ఇదే.

కేంద్రాన్ని నడిపినవారిలో ముఖ్యులైన ఇద్దరి పేరూ నర్సమ్మే: ఒకరు అల్గోల్ నర్సమ్మ, ఇంకొకరు 'జనరల్' నర్సమ్మ. ప్రసారవేళ సాయంత్రం 7 నుంచి 9 వరకు. ప్రమాణాల భాషలో చెప్పిన 'వాడుక సందర్భం' ఈ రెండు గంటల ఎంపికలో కనిపిస్తుంది. పగలు పొలంలో ఉండే మనిషి, పొయ్యి ముందు చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీగా ఉండే వేళ అది. వినేవారే రేపు మాట్లాడేవారు కాబట్టి ప్రతిస్పందనకు వేరే పత్రం అవసరం రాలేదు.

7. పదాలు ఎక్కడినుంచి తేవాలి

'యూజర్'కు తెలుగులో మూడు మాటలు పోటీపడుతున్నాయి. 'వినియోగదారు' 1986 నాటి రక్షణ చట్టంతో కొనుగోలుదారు అన్న అర్థంలో గట్టిపడింది. అది మార్కెట్ మాట. 'ఉపయోక్త' వ్యాకరణశుద్ధమైనదే కాని ఎవరి నోటా పుట్టలేదు. 'వాడుకరి' తెలుగు వికీపీడియా వల్ల వ్యాపించింది. అక్కడ కూడా తొలినాళ్ళలో సభ్యుల పేజీలకు 'సభ్యులు' అన్న పేరే ఉండేది. తర్వాత 'వాడుకరి' వచ్చింది. మార్పుకు సాంకేతికమైన సమర్థన ఉండవచ్చు. కాని 'సభ్యుడు' అన్నప్పుడు ఇల్లు తనది, 'వాడుకరి' అన్నప్పుడు ఇల్లు ఇంకెవరిదో. నార్మన్ స్వయంగా 2006లో ఇంగ్లీషు 'యూజర్' మీద ఇదే అసంతృప్తిని ప్రకటించారు; మనుషుల్ని మనుషులనే పిలవాలన్నారు. ఈ వ్యాసం 'వాడుకరి'ని స్వీకరించింది, ఇంతకంటే మెరుగైనది చలామణిలో లేనందువల్ల.

తెలుగులో పరిభాషాకల్పనకు రెండు సంప్రదాయాలున్నాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాల అవసరం కోసం ఇంగ్లీషు పదాల పట్టికలకు తెలుగు సమానార్థకాలు నిర్ణయించింది. ఆ కృషి లేకపోతే కళాశాల స్థాయిలో తెలుగు మాధ్యమం నిలిచేది కాదు. దీనికి ముందే, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. పనిముట్టు పట్టినవారి దగ్గరకు వెళ్ళి, ఊరూరా ఏ భాగాన్ని ఏమంటారో అడిగి రాసుకోవడం దాని పద్ధతి. వాడుకరి అనుభవం అనే పేరు రాకముందే వాడుకరుల దగ్గర పని నేర్చుకున్న పరిశోధన అది. మన వృత్తిపదకోశాలు నాగలి, మగ్గం దగ్గర ఆగాయి. కెమెరా, మొబైలు, రేషన్ యంత్రం దాకా రాలేదు.

'పటేల్ షాట్'లో గమనించవలసిన ఇంకొక సూక్ష్మం ఉంది. మహిళలు 'షాట్'ను అనువదించలేదు. యంత్రంతో పాటు వచ్చిన మాటను యంత్రంతో పాటే స్వీకరించారు. మార్చింది విశేషణాన్ని. యంత్రానికీ మనిషికీ, మనిషికీ మనిషికీ ఉన్న సంబంధాన్ని చెప్పేది ఆ విశేషణమే కనుక దాన్ని తమ ఊరినుంచి తెచ్చుకున్నారు. మన పట్టికలు తరచూ దీనికి ఎదురుగా నడుస్తాయి. 'స్క్రీన్', 'బటన్' వంటి వస్తువాచకాలను కష్టపడి తెలుగు చేస్తాం; సంబంధాన్ని చెప్పే భాగాన్ని మాత్రం ఇంగ్లీషు ఆలోచన ప్రకారమే ఉంచేస్తాం.

ఈ విషయంలో మన పరిశోధనకు ఒక బాకీ ఉంది. కిందినుంచి చూసే షాట్ పేరు గ్రంథస్థమైంది ఎక్కువగా ఇంగ్లీషులోనే, 'స్లేవ్' అన్న మాటతో. దాన్ని తిరిగి తెలుగులోకి తెస్తూ 'బానిస షాట్' అని రాస్తే పదం దొరికినట్లే కనిపిస్తుంది. కాని 'బానిస' పుస్తకాల మాట. జహీరాబాద్ పల్లెల్లో జీతగాడు ఉన్నాడు, వెట్టి ఉంది, నాగు అప్పు ఉంది. ప్రతి మాటకూ వేరు ఏర్పాటు, వేరు అవమానం. ఏ మాటలోంచి ఏ చూపు వచ్చిందో ఇంగ్లీషు పదం చెప్పదు. 1996లో కెమెరా పట్టినవారిలో కొందరికి ఇప్పుడు వయసు పైబడింది. పస్తాపూర్‌కు, మాచునూర్‌కు వెళ్ళి, వారి ఎదుట నేలమీద కూర్చొని, ఆ షాట్‌ను వారు తమలో తాము ఏ మాటతో పిలుచుకున్నారో వారి గొంతులోనే నమోదు చేసుకోవలసిన పని తెలుగు శాఖల పరిశోధకులకు మిగిలి ఉంది.